చూసిన వాక్యం

వాక్యం టీచరమ్మ క్లాసులో చట్టం ఒక్కటే. ఏ ఇంగ్లీషు మాట నేర్చుకున్నా దానితో ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యంలో ఉన్నది, రాసినవాళ్ళు కళ్ళారా చూసిందై ఉండాలి. పుస్తకంలోంచి ఎత్తి రాస్తే ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, "ఇది మీరు చూశారా?" అని పక్కన రాసేది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని రాసిన ఒక బ్యాంకు ఆఫీసరును, "సూర్యోదయానికి మీరెప్పుడైనా నిద్ర లేచారా అండీ?" అని అందరి ముందూ నిలదీసింది. వాక్యం టీచరమ్మ అన్న పేరు ఆమెకు అలాగే పడింది. అసలు పేరుతో పిలిచేది ఇంట్లో అక్క ఒక్కతే, అదీ కోపం వచ్చినప్పుడే.

ఆమె టీచరుగా పుట్టలేదు. పద్దెనిమిదేళ్ళు ఒక ఆఫీసులో టైపిస్టుగా వేళ్ళు అరగదీసుకుంది. అక్కడి పెద్దాయనకు ఉత్తరాల మీద పోయిన నెల తేదీ వేయించడం ఒక అలవాటు. చాలాకాలం ఆమె కూడా నోరు మూసుకుని వేసింది. ఒకరోజు ఎందుకో ఒళ్ళు మండింది. "ఇవాళ తేదీ ఇవాళ్టిదేనండీ" అని మిషను మీద కవరు కప్పి, టిఫిను డబ్బా చేతబట్టుకుని బయటికొచ్చేసింది. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆమె మెడ కాస్త నిటారయ్యేది. అక్క మాత్రం, "నీ మెడ సరే, డబ్బా మూత అక్కడే మరిచిపోయొచ్చావు" అని ఎప్పుడూ ఒక చురక వేసేది.

అలాంటి మనిషిని గ్యాస్ రెగ్యులేటర్లు చేసే ఒక ఫ్యాక్టరీ పిలిచింది. సరుకులో కొంత కొనే పైదేశం వాళ్ళ తరఫున తనిఖీకి ఎవరో వస్తున్నారట. పనివాళ్ళను పిలిచి, నీతిగా వ్యాపారం చేయడమంటే ఏమిటో ఇంగ్లీషులో అడుగుతారట. ఆరు వారాల్లో నలభై మాటలు నేర్పాలి. బ్రైబ్, ఫోర్జరీ, కవరప్, ఫ్రాడ్, కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్, విజిల్‌బ్లోయర్, ఇలాంటివన్నీ. ఒక్కో మాటకూ చెప్పాల్సిన జవాబు ముందే అచ్చువేసి ఉంచారు. ప్రతి జవాబూ "మా కంపెనీలో" అని మొదలై "ఎన్నటికీ జరగదు" అని ముగుస్తుంది. వాటిని బట్టీ పట్టించేస్తే చాలన్నాడు మేనేజరు.

మొదటి రోజు క్లాసుకు వెళ్ళబోతుంటే ఆయన ఒక కాగితాల కట్ట ముందు పెట్టాడు. అరవైమంది ఈ కోర్సు పూర్తి చేశారని సర్టిఫికెట్లు. తేదీ, ఇంకా ఆరు వారాల తర్వాతది. క్లాసులో చేరింది ఇరవై ఇద్దరే. మిగతావాళ్ళకు మిషన్ల దగ్గర్నుంచి కదలడానికి వీల్లేదు.

"ఏదో ఫార్మాలిటీ మేడం, మళ్ళీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఇప్పుడే..." అన్నాడు.

ఎనిమిది నెలలుగా ఆమెను ఎవరూ పనికి పిలవలేదు. సంతకం పెట్టేసింది. ఒకటి కాదు, అరవై. ఆ సాయంత్రం ఆ మాట అక్కకు చెప్పలేదు. మెడ మాత్రం కొంచెం వంగింది.

క్లాసు క్యాంటీన్‌లో. మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్లలు తుడిచి, నోటుబుక్కులు తెరిచేవారు. మొదట్లో బిగుసుకుపోయినా, రెండో వారానికి జనానికి రుచి తెలిసింది. చూసింది రాయమన్నాక చెయ్యి ఆగుతుందా? స్టోరు రూము చూసే పెద్దాయన్ని ఫ్యాక్టరీ అంతా మామయ్య అంటుంది. కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్, అంటే సొంత లాభం పనికి అడ్డురావడం, అన్న మాటకు ఆయన రాసిన వాక్యం ఇది: "మనకు అట్టపెట్టెలు పంపేది మేనేజరుగారి బావమరిది, తడిస్తే అవి చిరిగిపోతాయి, అయినా చాలా బాగున్నాయని నేనే రాసిస్తాను." క్యాంటీనంతా గొల్లుమంది. టీచరమ్మ కూడా నవ్వి, కామాలు సరిచేసి, పూర్తి మార్కులు వేసింది.

నవ్వు ఆగింది బుడగలమ్మ దగ్గర.

బుడగలమ్మది పరీక్ష గదిలో పని. ప్రతి రెగ్యులేటరునూ గాలి పైపుకు తగిలించి, నీళ్ళ తొట్టిలో ముంచి, నిమిషంసేపు కన్నార్పకుండా చూడాలి. బుడగ వస్తే లీకు, పక్కన పడేయాలి. రాకపోతే దాని పెట్టెలో వేసే కార్డు మీద సూపర్‌వైజరు సంతకం పడాలి. నాలుగేళ్ళుగా నీళ్ళలోకి చూసీ చూసీ ఆ పేరొచ్చింది. ఫోర్జరీ మాటకు ఆమె రాసింది ఇంతే: "పదింటిలో ఒక్కటే నీళ్ళలో ముంచుతాం, టైము లేదు. మిగతా తొమ్మిది కార్డుల మీద సూపర్‌వైజరు సంతకం నేనే పెడతాను. ఆయన సంతకం ఇప్పుడు ఆయనకంటే నాకే బాగా వచ్చు."

టీచరమ్మ ఆ నోటుబుక్కు ఇంటికి తెచ్చుకుంది. ఎర్ర కలం మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. వంటింట్లో అక్క పొయ్యి మీద ఏదో కలుపుతోంది. అక్కకు రెండేళ్ళ కిందట జబ్బు చేసి ముక్కు పోయింది. అంటే ముక్కు ఉంది, వాసన పోయింది. కూర మాడినా తెలియదు. టీచరమ్మ లేచి వెళ్ళి సిలిండరు దగ్గర గొంతుక్కూర్చుంది. రెగ్యులేటరు మీద ఉన్నది ఆ ఫ్యాక్టరీ గుర్తే.

"పొయ్యి ఆపెయ్యవే అక్కా."

"కూర సగంలో ఉంది. నీకేమైనా పట్టిందా?"

"ఆపమన్నానా!"

సబ్బు నురగ చేసి రెగ్యులేటరు చుట్టూ పూసింది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని నిమిషం పాటు చూశారు. ఒక్క బుడగ కూడా రాలేదు. అప్పుడు నోటుబుక్కులో వాక్యం తెలుగులో చదివి వినిపించింది. తన అరవై సంతకాల సంగతీ చెప్పేసింది. అక్క చెంగుతో నురగ తుడిచింది. చురక వేస్తుందని ఎదురుచూసింది టీచరమ్మ.

"మనకు మంచిదొచ్చింది సరే. నాలా ముక్కు లేనివాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉన్నారో! వాళ్ళింట్లో నురగ పూసి చూసేదెవరు?" అంది అక్క, పొయ్యి మళ్ళీ వెలిగిస్తూ.

తనిఖీకి వారం ఉందనగా మేనేజరు క్యాంటీన్‌లో టీ తాగుతూ, మామయ్య నోటుబుక్కు ఊరికే తిప్పి చూశాడు, పక్కవాళ్ళను గుచ్చి అడిగి బుడగలమ్మ రాసిందీ తెలుసుకున్నాడు. టీ చల్లారిపోయింది. అరగంటలో టీచరమ్మకు పిలుపొచ్చింది.

"ఏం నేర్పుతున్నారు మేడం మీరు? ఇంగ్లీషా, చాడీలా?"

"వాక్యాలండీ."

"సోమవారానికి అన్ని నోటుబుక్కులూ నా టేబుల్ మీద ఉండాలి. కొత్తవి ఇస్తాను, అచ్చువేసిన జవాబులు రాయించండి. మా మిగతా మూడు బ్రాంచీల్లోనూ వచ్చే ఏడాదంతా క్లాసులు మీకే. లేదంటారా, ఆ పరీక్ష గది ఆవిడ సంగతి చూసుకోవాల్సి వస్తుంది. దొంగ సంతకాలు పెట్టినట్టు తన చేత్తో తనే రాసుకుందట కదా, ఇక సాక్ష్యం ఎందుకు?"

"పెట్టించింది మీరు కదండీ."

ఆయన నవ్వి, సొరుగులోంచి ఆ కట్ట తీశాడు. అరవై సర్టిఫికెట్లు. ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. "మీరు పాఠాలు చెప్పకండి మేడం. ఎవరి సంతకాలివి? ఇవి బయటపెడితే మిమ్మల్ని మళ్ళీ ఏ గుమ్మం తొక్కనిస్తారు?"

టీచరమ్మ ఆ కట్ట మీంచి చూపు తిప్పుకుంది. "నోటుబుక్కులు ఇంటికి తీసుకెళ్తానండీ. దిద్దడం పూర్తి కాలేదు" అంది. అబద్ధం కాదు. ఒక్క పేజీ ఇంకా దిద్దలేదు.

మర్నాడు బస్టాపులో బుడగలమ్మను పక్కకు పిలిచింది. విషయమంతా దాచకుండా చెప్పి, నోటుబుక్కు తీసి ఆ పేజీ చూపించింది. "నీ పేజీ ఇది. చింపేద్దామంటే ఇప్పుడే చింపేద్దాం. నీ ఉద్యోగం నీది, నేను నిర్ణయించకూడదు."

బుడగలమ్మ భర్త నడుం విరిగి మంచాన ఉన్నాడు. ఇల్లు ఆమె ఒక్కదాని చేతుల మీదే నడుస్తోంది. ఆ పేజీ అంచు రెండు వేళ్ళతో పట్టుకుంది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది.

"చింపితే ఆ తొమ్మిదీ నీళ్ళలో ముంచినట్టవుతుందా టీచరమ్మా?" అని అడిగింది చివరికి. "నాలుగేళ్ళు ఎవరూ నన్నేం అడగలేదు. మీరే అడిగారు, చూశావా అని. చూశాననే రాశాను. మరి మీరు దిద్దలేదేం?"

టీచరమ్మ అక్కడే, బస్టాపు బెంచీ మీద కూర్చుని, ఎర్ర కలంతో రెండు తప్పులు దిద్ది, పూర్తి మార్కులు వేసి ఇచ్చింది. సోమవారం మేనేజరు టేబుల్ మీద ఒక్క నోటుబుక్కూ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నీతి గురించి నలభై మాటలు అచ్చువేసి గోడకు అంటించే ఆఫీసుల్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ గోడకు ఇటువైపు కూర్చుని దొంగ సంతకం పెట్టే చేతికి ఆ మాటల్లో ఒక్కటీ పలకడం రాదు, పలకడానికి ఎవరూ పిలవరు కూడా. టీచరమ్మ చేసిన నేరమల్లా ఆ చేతికి మాట ఇవ్వడం.

తనిఖీకి వచ్చింది ఒక నడివయసావిడ, మెత్తటి గొంతు, చేతిలో పెన్సిలు. మీటింగు గదిలో ఇరవై ఇద్దరినీ వరుసగా కూర్చోబెట్టారు. తలుపు దగ్గర మేనేజరు, ఆయన చంకలో ఆ కట్ట. టీచరమ్మ ఏమైనా తోక జాడిస్తే తీయడానికి సిద్ధంగా ఉన్నాడు. అచ్చు కాగితాలు అందరికీ పంచారు. తనిఖీ ఆవిడ, ముందుగా టీచరునే ఏం నేర్పారో చెప్పమంది.

టీచరమ్మ లేచింది. ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఒక్కో మాటా బల్ల మీద పెట్టినట్టు చెప్పింది.

"నా క్లాసులో ఒకటే నియమం. వాక్యం కళ్ళతో చూసిందై ఉండాలి. అందరిచేతా రాయించాను, నేను మాత్రం రాయలేదు. ఫ్రాడ్ అన్న మాటకు నా వాక్యం ఇప్పుడు చెబుతాను. ఈ క్లాసుకు వచ్చింది ఇరవై ఇద్దరు. అరవైమంది పూర్తి చేశారని నేను మొదటి రోజే సంతకం పెట్టాను. ఆ కాగితాలు అదిగో, ఆయన చంకలో ఉన్నాయి. దయచేసి తీసుకోండి."

మేనేజరు కట్టను వీపు వెనక్కి పెట్టుకున్నాడు. ఎత్తిన కత్తి అలాగే చేతిలో ఉండిపోయింది, దాంతో పొడవడానికి ఏమీ మిగల్లేదు. తనిఖీ ఆవిడ చెయ్యి చాపి, అది చేతికొచ్చేదాకా దించలేదు.

"ఈవిడకు మతి సరిగా లేదు" అన్నాడు ఆయన తెలుగులో.

"ఉంది" అంటూ బుడగలమ్మ లేచింది. ఎవరూ ఆమెను పిలవలేదు. అచ్చు కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టింది. ఫోర్జరీ అన్న మాట గట్టిగా పలికి, తన వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. టీచరమ్మ దిద్దిన రెండు తప్పులూ మళ్ళీ చేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి టీచరమ్మకు దిద్దాలనిపించలేదు. తనిఖీ ఆవిడ పెన్సిలు పక్కన పెట్టి, "పరీక్ష గది ఎటు?" అని అడిగింది.

తర్వాత జరిగిందంతా తీపిగా ఏమీ లేదు. మూడు నెలలు ఫ్యాక్టరీలో ఒక్క పెట్టె కదల్లేదు, అమ్మిన సరుకు వెనక్కి రప్పించారు. సూపర్‌వైజరు తనకేమీ తెలియదన్నాడు. మేనేజరు వెళ్ళిపోయాడు, పంపించారో తానే వెళ్ళాడో ఎవరూ చెప్పలేదు. బుడగలమ్మను కూడా రెండు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ రెండు నెలలూ మామయ్య వాళ్ళింటికి బియ్యం పంపాడు. కొనేవాళ్ళు పట్టుబట్టాక ఆమెను మళ్ళీ అదే గదికి పిలిచారు. టీచరమ్మ సంగతీ మేనేజరు అన్నట్టే అయింది. ఏ కంపెనీ గుమ్మమూ ఆమెను మళ్ళీ పిలవలేదు. ఒక్కరు పిలిచారు కానీ, ఆ నియమం ఒక్కటీ పక్కన పెడితే చేర్చుకుంటామన్నారు. "ఆ నియమం తీసేస్తే నా దగ్గర మిగిలేది సుద్దముక్కే కదండీ, అది బజార్లో దొరుకుతుంది" అని ఫోను పెట్టేసింది.

ఇప్పుడు క్లాసు వాళ్ళ ముందుగదిలోనే. అక్క ఒక మూల కూర్చుని అందరి వాక్యాలకూ చురకలు వేస్తుంటుంది.

ఒక ఆదివారం సాయంత్రం బుడగలమ్మ వచ్చింది. సంచిలోంచి కొత్త రెగ్యులేటరు తీసి అక్క చేతిలో పెట్టింది.

"నిమిషం కాదు, రెండు నిమిషాలు చూశాను పెద్దమ్మా" అంది.

పెట్టెలో కార్డు ఉంది. అక్క కళ్ళజోడు పెట్టుకుని చూసి, చెల్లెలికి అందించింది. పరీక్షించినవారు అన్నచోట సూపర్‌వైజరు సంతకం లేదు. కొత్తగా ఇంగ్లీషు రాయడం నేర్చినవాళ్ళ అక్షరాల్లో, గీత దాటి పోయి, బుడగలమ్మ అసలు పేరుంది. టీచరమ్మ ఎర్ర కలం వెతుక్కుని, ఆ పేరు పక్కన ఎప్పటిలాగే ఇంగ్లీషులో ఒక ప్రశ్న రాసి, కార్డు ఆమె ముందు పెట్టింది: "ఇది నువ్వు చూశావా?"

బుడగలమ్మ కలం అందుకుని, దాని కింద "చూశాను" అని రాసింది.