మేస్త్రీగారి బాస్కెట్‌బాల్

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున కోర్టులో సున్నంతో గీతలు వేయిస్తున్నాను. మామిడి కోత ముఠాలో పనిచేసే ఒకామె గేటు దగ్గర నిలబడి, "మేడంగారూ, మేస్త్రీగారు పోయారండీ. టిఫిను తిని, ఫోన్లో ఆట చూస్తా చూస్తానే ఒరిగిపోయారు" అని చెప్పింది. డెబ్బై దాటిన మనిషి. మంచాన పడకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా, ఇష్టమైన ఆట చూసుకుంటూ వెళ్ళిపోయారు. అంతకంటే ఏం కావాలి అని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా ఆ రోజు గీతలన్నీ వంకరగానే వచ్చాయి.

నేను నూజివీడు దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు పిల్లలకి ఆటలు నేర్పే టీచర్ని. ఆయన ఆ ఊరి కోత మేస్త్రీ. విస్సన్నపేట నుంచి మైలవరం దాకా ఎన్ని తోటల్లో ఆయన ముఠా కాయ దించిందో లెక్కలేదు. మా ఇద్దరికీ స్నేహం కలిపింది ఒక పొరపాటు. పొరపాటు ఆయనదే. ఆ సంగతి ఆయన మాత్రం చివరిదాకా పూర్తిగా ఒప్పుకోలేదు.

కొన్నేళ్ళ కిందట మా కోర్టులో రింగులకి కొత్త వలలు కట్టించాను. మర్నాడు పొద్దున పిల్లలు బంతి వేస్తే అది వలలో పడి అక్కడే కూర్చుంది. నిచ్చెన ఎక్కి చూస్తే రెండు వలల అడుగులూ నైలాను తాడుతో ముచ్చటగా కుట్టేసి ఉన్నాయి. పక్క తోటలో కోతకి వచ్చిన మేస్త్రీగారి పని అది. మామిడికాయ కోసే చిక్కం మీరు చూసే ఉంటారు: పొడుగాటి కర్ర, దాని చివర ఇనప రింగు, రింగుకి వేలాడే వల సంచి. జీవితమంతా చిక్కం పట్టిన మనిషికి మా రింగులు అడుగు ఊడిపోయిన చిక్కాల్లా కనిపించాయి. పాపం బడిపిల్లలవి కదా అని బాగుచేసి పెట్టారు.

"బంతి కిందకి పడాలండీ" అన్నాను.

"కింద పడేదానికి వల ఎందుకండీ మరి?" అన్నారాయన.

నా దగ్గరున్న కోచింగు సర్టిఫికెట్లలో దీనికి జవాబు లేదు. ఆ సాయంత్రం తాడు విప్పడానికి వచ్చిన మనిషి నిచ్చెన మీదే కూర్చుని ఆటంతా చూశారు. మర్నాడూ వచ్చారు. ఆ తర్వాత కోతలు లేని రోజుల్లో ఆయన మోపెడ్ మా గేటు దగ్గర కనిపించకపోతే పిల్లలే నన్ను అడిగేవాళ్ళు.

ఏడాది తిరిగేసరికి అమెరికా ఆటలు పట్టుకున్నారు. అక్కడ వాళ్ళు రాత్రి ఆడేది మనకి పొద్దున వస్తుంది. అక్కడ పెద్ద పోటీలు జరిగే రోజులూ మనకి కోతల రోజులూ ఒకటే. ముఠా టిఫినుకి కూర్చోగానే కాయల ట్రేకి ఫోను ఆనించి, చుట్టూ పదిమందిని పోగేసుకుని చూసేవారు. ఆటగాళ్ళ పేర్లు నోరు తిరగక తనే పేర్లు పెట్టుకున్నారు. ఎగిరి రింగు పట్టుకుని వేలాడే వీరులంటే ఆయనకి గిట్టేది కాదు. "కాయ కోస్తన్నాడా, కొమ్మ ఇరుస్తన్నాడా?" అనేవారు. నిదానంగా నడుస్తూ, చూడకుండానే పక్కవాడికి బంతి అందించే ఒక భారీ మనిషంటే మహా గౌరవం. "కాయ ఎక్కడ పడుద్దో తెలిసినోడికి పరుగెందుకండీ?" అని ఆ ఆటగాడి తరఫున నాతో వాదించేవారు. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి చూపించి, వీడే రేపటి రారాజని ఫోన్లో వ్యాఖ్యానం చెప్పేవాళ్ళు ఊదరగొడుతుంటే మాత్రం నవ్వేవారు. "ఇది పూతండీ. పూత చూసి ఎవరన్నా ఆవకాయ జాడీలు కడుక్కుంటారా?"

నిజం చెప్పాలంటే, ఆయన మాటలకి మొదట్లో నాకు ఒళ్ళు మండేది. మైలవరం జట్టులో పొడుగాటి అమ్మాయిని చూసి నేను మురిసిపోతుంటే, "ఆ పిల్ల అలిసిపోతే కోపం వచ్చుద్ది, చూడండి" అన్నారు. రెండో సగంలో ఆ పిల్ల రిఫరీతో గొడవపడి బయటికి వెళ్ళింది. నేను చేతులు చూస్తే ఆయన మనిషిని చూసేవారు. అలాగని ప్రతిసారీ ఆయన మాటే నెగ్గలేదు. ఒక పొట్టి అమెరికా ఆటగాణ్ణి ఏడాదిపాటు తీసిపారేసి, అతను బాగా రాణించాక, పనిగట్టుకుని మోపెడ్ మీద స్కూలుకి వచ్చారు. "మేడంగారూ, ఆ పొట్టాయన ఇషయంలో నాది తప్పేనండీ" అని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ పొట్టాయనకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. మేస్త్రీగారికి మాత్రం మనసు తేలికపడింది.

ఇలా లోకంలో ప్రతి ఆటగాడి మీదా ఒక మాట ఉన్న మనిషి, ఒక్కరి గురించి మాత్రం నోరు విప్పలేదు. ఆయన మనవరాలు. పదో తరగతి, మా జట్టుకి ప్రాణం. ఆమె ఆడుతున్నంతసేపూ రెప్ప వేయకుండా చూసేవారు. ఆట అయ్యాక మిగిలిన తొమ్మిదిమంది గురించీ చెప్పి మోపెడ్ తీసేవారు. ఆ పిల్ల వెనక సీటు మీద కూర్చోకుండా ఒక్క క్షణం ఆగేది. ఆ క్షణం ఎందుకో నాకు తెలుసు. ఒకసారి ఉండబట్టలేక, పిల్లని ఎందుకు మెచ్చుకోరని ఆయన్నే అడిగేశాను.

"మన చెట్టు కాపు మనం పొగడకూడదండీ. సొంతోళ్ళ కళ్ళే ముందు తగుల్తాయి" అన్నారు.

ఆ మాట పిల్లకి చెప్పాను. "అదంతా సాకు మేడం. నా ఆట తాతకి నచ్చదు" అంది. ఆయన పోయాక ఆమె కోర్టుకి రావడం మానేసింది. జిల్లా జట్టు ఎంపికలు వచ్చే శనివారం నూజివీడులో ఉన్నాయి. ఈసారి తప్పితే ఈ వయసు విభాగంలో మళ్ళీ అవకాశం లేదు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక పందిట్లో ఆమె పక్కన కూర్చుని, ఎంపికలకి రమ్మని మళ్ళీ అడిగాను. ముఠావాళ్ళంతా అక్కడే ఉన్నారు.

"నేను రాను మేడం. ఎక్కడో అమెరికాలో ఉన్నోళ్ళ ఆట గురించి అంత చెప్పేవాడు. నాది ఒక్కసారన్నా బావుందన్నాడా? ఏమన్నా ఉంటే అనేవాడుగా!"

విస్తళ్ళు ఎత్తుతున్న పెద్దావిడ నడుం ఎత్తి నిలబడింది. ముఠాలో అందరికంటే పాతమనిషి. "అన్లేదా? ఏంటమ్మాయ్ నువ్వనేది! మాకు చెవులు చిల్లులు పడ్డాయి గదే!"

పిల్ల తలెత్తింది.

"ఫోన్లో వాళ్ళు ఆడతా ఉంటే మధ్యలో ఆపేసి, ఇక్కడ మా పిల్లయితే ఎడం పక్కకి ఇచ్చేది అనేవాడమ్మా" అన్నాడు ట్రేలు మోసే ఆయన.

"టిఫిను చల్లారిపోయేది, ఈ సోది వినలేక" అంది ఇంకొకామె, ముక్కు చీదుకుంటూ.

"నా ఎదురుగా ఎప్పుడూ..."

"నీ ఎదురుగా అంటే నీకు దిష్టి గదే! అందుకని మా పేనం తీశాడు. పోయిన కోతల్లో పచ్చికాయ చేతిలో పట్టుకుని, మా పిల్ల బంతి ఎట్టా వదులుద్దో చూడండి అని పొద్దస్తమానం అదే చూపించడం." పెద్దావిడ విస్తళ్ళు కింద పెట్టింది. పైట బొడ్లో దోపుకుని, మోకాళ్ళు కొంచెం వంచి, కుడిచెయ్యి పైకెత్తింది. మణికట్టు మెత్తగా ముందుకి వాల్చింది. "ఇట్టా వదులుతావంట నువ్వు. వదిలాక చెయ్యి ఇట్టా ఆపుతావంట."

"అట్టా కాదక్కా, ఇట్టా" అంటూ ట్రేలు మోసే ఆయనా లేచి చెయ్యెత్తాడు. ఆ వెనక ఇంకో ఇద్దరు. చూస్తుండగానే పందిట్లో ముఠాకి ముఠా లేచి నిలబడింది. ఎన్నడూ బంతి ముట్టుకోని తొమ్మిదిమంది, గాలిలో ఆపిన తొమ్మిది చేతులు. ఆ మణికట్టు వంపు నాకు తెలుసు. అది మా పిల్లదే.

ఆమె ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత కళ్ళయినా తుడుచుకోకుండా లేచి వెళ్ళి, పెద్దావిడ మోచేతిని రెండు వేళ్ళతో పట్టుకుని కొంచెం పైకి లేపింది.

"ఇంత ఉండాలి మామ్మా. శనివారం నూజివీడు రండి, చూద్దురుగాని."

తొమ్మిది మోచేతులూ ఇంకాస్త పైకి లేచాయి.