నల్లోడి హాస్టలు చదువు

పూతలపట్టు దగ్గర జానీ బాషా కుక్కలను తనవద్దే ఉంచుకుని శిక్షణ ఇస్తాడు. ఊళ్లో దాన్ని కుక్కల హాస్టలంటారు. ఫోన్ చేసే ప్రతివారూ మొదట అడిగేది ఒకటే: "ఎన్ని దినాలు పడతాది?" ఏళ్ల తరబడి జవాబు చెప్పి చెప్పి బాషా గొంతు అరిగిపోయింది. ల్యాబ్రడార్‌కు నెల చాలు, బిస్కెట్టు చూపిస్తే ఆస్తి రాసిచ్చేస్తుంది. జర్మన్ షెపర్డ్‌కు రెండు నెలలు, ముందు అది మనిషిని నమ్మాలి. పగ్ సంగతి చెప్పలేం. కూర్చోమంటే కూర్చుంటుంది, మన మాట విని కూర్చుందో, ఆయాసమొచ్చి కూర్చుందో దానికే తెలియాలి.

వీధికుక్క మాటొస్తే మాత్రం బాషా ఛాతీ కొంచెం ముందుకొచ్చేది. "దానికుండే తెలివి దేనికుండాదప్పా? పదైదు దినాలు సాలు."

ఈ మాట తిరుచానూరులో, టీ అంగడి ముందు అన్నాడు. ఎదురుగా లాడ్జి గుమ్మం పక్కన పూలమ్మే గురవమ్మ వినేసింది.

"అట్లయితే మా నల్లోన్ని తీసకపో బాషా. పదైదు దినాలే గదా."

గురవమ్మ పెంచుకునే వీధికుక్క నల్లోడి లోపమల్లా విశ్వాసం. పూలగంప గురవమ్మది, అందులో చెయ్యి పెట్టేవాడు దొంగ. అంతే దాని లెక్క. పూలు కొనేవాళ్లేమో వంగి గంపలో చెయ్యి పెట్టకుండా ఉండరు. పంచెలూ చీర కుచ్చిళ్లూ దాని నోట పడ్డాక లాడ్జి మేనేజరు అమర్‌నాథ్ తేల్చేశాడు. "కుక్కన్నా ఉండల్ల, గంపన్నా ఉండల్ల. రెండూ నా గుమ్మంలో కుదరవు." గంప గురవమ్మకు కూడు. ఇంట్లో ఆమె మాటలు వినేది నల్లోడొక్కడే. దేన్ని వదులుకుంటుంది?

హాస్టల్లో నల్లోడు బుద్ధిమంతుడు. బాషా ఓ వెదురుగంప పెట్టి, పనివాళ్ల చేత చేతులు పెట్టించాడు. నల్లోడు ఆవులించాడు. చదువైపోయిందని తిరుచానూరు తీసుకొస్తే, మొదటి బేరానికే ఓ పెద్దాయన పంచె పట్టుకున్నాడు. మళ్లీ హాస్టలు, మళ్లీ ఆవులింత. మళ్లీ తిరుచానూరు, మళ్లీ పంచె. ఇలా మూడో నెల నడుస్తోంది. వెనకొచ్చిన ల్యాబ్రడార్లు నేర్చుకుని వెళ్లిపోతున్నాయి.

"మన పిల్లోళ్లు గూడా ఒకే క్లాసు ఇన్నిసార్లు సదవలేదే," అంది బాషా భార్య నాజియా.

ఆ రోజు నీళ్లు పోసుకుంటుండగా బాషాకు తట్టింది. హాస్టల్లో పెట్టింది ఖాళీ గంప. అందులో గురవమ్మ పూలు లేవు, పక్కన గురవమ్మ లేదు. దానికి కాపలా ఎందుకు కాస్తాడు?

చదువు గుమ్మంలోనే చెప్పాలి. నల్లోణ్ని వెంటబెట్టుకొచ్చి అమర్‌నాథ్‌ను బతిమాలితే, "ఈ పొద్దొక్కటే. సాయంత్రానికి తేలిపోవల్ల," అన్నాడు. గురవమ్మ పక్కనుంటే నల్లోడు ఒంటికాలి మీద లేస్తాడు కాబట్టి ముందు ఆమెను టీ అంగడికి పంపి, బాషాయే మల్లెపూల గంప ముందు కూర్చున్నాడు.

"మూర ఎంతప్పా?" అంటూ ఒకావిడ వంగింది. నల్లోడు గుర్రుమన్నాడు. బాషా ఒక చేత్తో బిస్కెట్టు అందించి, రెండో చేత్తో పూలు కొలిచాడు. అమ్మేవాళ్ల మోచేతి నుంచి వేలికొస దాకా మూర. గురవమ్మ పొట్టి మనిషి. బాషా నిలబడితే ద్వారబంధానికి తల వంచాలి. కొన్నావిడ తన మూరతో కొలిచి చూసుకుని, గబగబా వెళ్లి చెల్లెళ్లను పిలుచుకొచ్చింది.

కాసేపటికి గంప చుట్టూ తోపులాట.

"బాషా, మోసెయ్యి రవ్వంత ముడుసుకోప్పా. నీ మూరకు నా గంప మునిగిపోతాది," అని గురవమ్మ రోడ్డవతల నుంచి మొత్తుకుంది.

"దేవుడిచ్చిన సెయ్యక్కా. యాడ ముడిసేది?"

అప్పుడే పూతలపట్టు మనిషొకడు బస్సు దిగాడు. "ఏం బాషా, కుక్కలు గిట్టుబాటు కాలేదా?" బాషా ఇంకో మూర కొలిచాడు.

నల్లోడు ఎన్ని చేతులని చూస్తాడు? మొదట గుర్రుమన్నాడు, తర్వాత లేచి కూర్చున్నాడు, తర్వాత చూపులతో సరిపెట్టాడు. ఊరంతా దొంగలే అయితే ఒక్క కుక్క ఏం చేయగలదు? మధ్యాహ్నం దాటాక పెద్ద నిట్టూర్పు విడిచి బాషా తొడ మీద తల వాల్చాడు. గురవమ్మ మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నా కదల్లేదు. బాషా నడుము కూడా అప్పటికే చచ్చిపోయింది.

సాయంత్రం అమర్‌నాథ్ బయటికొచ్చాడు. వంగి, గురవమ్మ ఒడి పక్కనున్న గంపలో చెయ్యి పెట్టి, అడుగున మిగిలిన దండ తీశాడు. నల్లోడు ఒక కన్ను తెరిచాడు. ఆ చేతిని చూశాడు. మూసుకున్నాడు.

"సరే, రెండూ ఉండనీలే," అని దండతో లోపలికి పోయాడు.

గురవమ్మ నల్లోడి చెవులు నిమిరింది. తర్వాత అంది: "రేపట్నించి నా మూర సూసి జనం తిడతారు గదప్పా."

బాషా మల్లెపూల వాసనతో, చొక్కానిండా కుక్క బొచ్చుతో చిత్తూరు బస్సెక్కి కూర్చున్నాడు. కూర్చోగానే కళ్లు మూతపడ్డాయి. ఎంతసేపటికో ఫోన్ మోగింది.

"అన్నా, మాది వీధికుక్క. ఎన్ని దినాలు పడతాది?"

"తెల్దప్పా," అన్నాడు బాషా. "అది దేనికి కాపలా కాస్తాందో సూసి సెప్పల్ల."

ఫోన్ జేబులో పెట్టుకుని, పూతలపట్టు వచ్చిందా అని కండక్టరును అడిగాడు.

"దాటి శానా సేపైంది పెద్దాయనా. పండుకో, సిత్తూర్లో లేపుతా."