గుడ్డ పోస్టరు కింది వరస

మా వియ్యపురాలంటే నాకు కడుపుమంట. ఈ వయసులో దాచుకుని ఏం చేసుకుంటాను, రాసేస్తున్నాను.

ఆవిడ ఇక్కడ మలేషియాలోనే, క్లాంగు ఊళ్లో ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయింది. మా ఇద్దరికీ కలిపి ఒక్కతే మనవరాలు. నన్ను అమ్మమ్మా అంటుంది, ఆవిడను తమిళంలో పాట్టీ అంటుంది. కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు మీద యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పురుగుల శాస్త్రం చదివినవాళ్ల సంఘం ఏటా సభ పెట్టి విద్యార్థులకు పోటీ నడుపుతుంది. ఎవరి పోస్టరు పక్కన వాళ్లు నిలబడాలి, జడ్జీలు వచ్చి అడిగినదానికి చెప్పాలి.

పోటీకి ముందు నెలంతా పిల్ల తన పాఠం ఫోనులో పాట్టికే అప్పజెప్పింది. నేను చేస్తే, "పాట్టితో మాట్లాడతన్నాను అమ్మమ్మా, తరవాత" అనేది. కూలీల పిల్లలకి తోటలో పెట్టిన బడిలో మూడేళ్ల చదువుతో నేనేం దిద్దగలను?

కానీ ఆ పురుగు నాకు తెలిసినట్టు ఆవిడకు తెలుసా? బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో ఇనుప కొక్కెంతో మొవ్వుల్లోంచి దాన్ని లాగి చంపిన చేతులివి. "పడిపోయిన మానులు సివికిపోయే సోట ఎట్టే నీ పురుగుల బోనులు. దాని పిల్లలు అక్కడే పుడతాయి" అని పిల్లకి చెప్పింది నేను.

ఆ రోజు హాలుకు ఇద్దరమూ వెళ్లాం. పోస్టరు కాగితం కాదు, మంచి గుడ్డ. దాని అడుగున సన్న అక్షరాలతో ఒక వరస ఉంది.

"కిందన ఏటి రాసింది వదినా?"

"సాయం చేసినవాళ్లకి నండ్రి, థాంక్సు వదినా. ప్రొఫెసరుకి, ఇంకా ఇదిగో చూడండి, 'ఇంగ్లీషు దిద్దిన మా పాట్టికి' అంట!" అని వేలు పెట్టి చూపించి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇంకేటి?"

"'తోటలో పనిచేసిన ఒకామెకి' అంట. ఎవరో ఏమో లా" అంది, ఈ దేశపు అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.



ఇంతలో ఒక ఆడ జడ్జీ వచ్చింది. బోనులు అక్కడే ఎందుకు పెట్టావని అడిగిందట. వియ్యపురాలు నా చెవిలో అర్థం చెబుతోంది. తోటలో పనిచేసిన ఒకామె చెప్పిందని పిల్ల జవాబు. జడ్జీ ముఖం విప్పారింది. ఎవరామె, కలవచ్చా అంది. పిల్ల ఒక్కసారి నా వైపు చూసి, తల దించుకుని ఏదో చెప్పింది.

"పేరు చెప్పొద్దన్నారంట" అని గుసగుసలాడింది వియ్యపురాలు.

అన్నది నేనే. పేరు రాస్తానని పిల్ల అడిగినప్పుడు, "నాను కూలి సేసినానని ఊరందరికీ సాటాలా? రాసినావంటే నీ సబకి రాను" అని కసిరాను. పిల్ల మాట నిలబెట్టుకుంది. ఇప్పుడు నేనే అని చెప్పడానికి ఇంగ్లీషు కూడా అక్కర్లేదు, గుండె మీద చెయ్యి వేసుకుంటే చాలు. నేను పైట సర్దుకున్నాను.

రెండో బహుమతి వచ్చింది. పిల్లను పట్టుకుని ఆవిడ ఫోటోకు నిలబడింది.

"రండి వదినా, మీరూ నిలబడండి లా!"

"నాకొద్దు. మీరు తీయించుకోండి."

తర్వాత ఆవిడ పోస్టరు మడుస్తూ, "ఇది మా హాల్లో తగిలిస్తాను" అంది. నాకు ఆగలేదు.

"ఇంత మంచి గుడ్డ గోడకెందుకు వదినా? ఇటియ్యండి, నా కుట్టుమిషనుకి కప్పుకుంటాను."

"ఐయో అమ్మమ్మా!" అని పిల్ల పగలబడి నవ్వింది. నవ్వుతూనే పాట్టి చేతిలోంచి తీసి నా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి అంచు మడిచాను. పాట్టి మాట మడతలోకి పోవాలని, కావాలనే ఎక్కువ మడిచాను. ఒక జానెడు కుట్టాక చెయ్యి ఆగింది. ఆ తోట ఆమె కూడా అదే వరసలో ఉంది. కుట్టంతా విప్పి, దారం మళ్లీ పనికొస్తుందని ఉండకు చుట్టాను.

ఇప్పుడు కుట్టడానికి కూర్చున్నప్పుడల్లా మిషను మీది గుడ్డ అంచున పాట్టి నా మోకాళ్ల దగ్గర వేలాడుతూ ఉంటుంది.