రెండో గంట

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను. పినపాక చుట్టుపక్కల అడవి పల్లెల్లో ఎవరికో ఏదో పట్టిందని పిలిస్తే వెళ్లి చూసేదాన్ని. అది మలేరియానో, రక్తం తక్కువవడమో అయ్యేది. మెడలో తాయెత్తు పక్కకు జరిపి, సూది వేసి వచ్చేదాన్ని. ఇది చదివి నాకూ ఏదో పట్టిందని అనుకునేవాళ్లు అనుకోండి. నేను మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ఇది ఎనభయ్యో దశకం చివర్లో సంగతి. మా అమ్మ పేరు మరియమ్మ. మా ఊరి చర్చికి గంట కొట్టేది ఆమే. గంటంటే నిజం గంట కాదు, ఇప్పచెట్టు కొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఆదివారం పొద్దున మొదటి గంట కొడితే స్నానాలు చేసి తయారవ్వాలి. మరో గంటసేపటికి రెండోది కొడితే వచ్చి కూర్చోవాలి. అమ్మ పన్నెండు దెబ్బలు వరసగా కొట్టి, కాస్త ఆగి, చివర ఒక్కటి విడిగా కొట్టేది. ఆ ఒక్కటి ఎందుకని అడిగితే "బద్ధకపోళ్ల కోసం" అని నవ్వేది. అది నా కోసమేనని నాకు తెలుసు.

మా చర్చి ముఖం చూడనివాళ్లకు కూడా ఆ గంట కావాలి. అడవిలో బీడీల ఆకు కోసేవాళ్లు దాన్ని విని, ఇవాళ ఆదివారం, సంత రోజు అనుకునేవారు. ఎవరి చెయ్యో కూడా పోల్చుకునేవారు. అమ్మ ఊళ్లో లేనప్పుడు వేరేవాళ్లు కొడితే, "మరియమ్మక్క లేదా?" అని అడిగేవారు.

అలాంటి మనిషికి గర్భసంచి క్యాన్సర్ వచ్చింది. పెద్ద దవాఖానాకు తీసుకెళ్తే, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నాలుగు నెలలు మంచంలో మెలికలు తిరిగింది. ఇన్నేళ్లు గంట కొట్టినందుకు దేవుడు చేసింది ఇదా అని నాకు ఒళ్లు మండిపోయేది. ప్రార్థన మానేశాను. అమ్మ మాత్రం ఆయన్ని ఒక్క మాట అనలేదు.

"నాకన్నా ఆయనే సిలువ మీద ఎక్కువ పడ్డడు బిడ్డా," అనేది. ఆమె కోరిక ఒక్కటే. "తయారై పోవాలె. తెల్లచీర కట్టుకొని, తెలివితోని పోవాలె. నిద్రల పోవద్దు."

ఆ చీర పెట్టెలో కలరా ఉండల మధ్య మడత పెట్టి ఉండేది.

ఆ ఎండాకాలం గాలిదుమారానికి ఇప్పచెట్టు కొమ్మ విరిగింది. పట్టా ముక్క ఎవరైనా ఎత్తుకుపోతారని పాస్టరుగారు దాన్ని గోనెసంచిలో కట్టి మా ఇంట్లో పెట్టించారు. అది అమ్మ మంచం కిందే ఉంది. రెండు ఆదివారాలు గంట లేకుండానే గడిచాయి.

మూడో వారం, గురువారం, పొద్దున పదకొండు కావస్తోంది. అమ్మ ఉన్నట్టుండి కళ్లు తెరిచింది.

"మొదటి గంట అయింది. నా చీర తియ్యి. తల దువ్వు."

"ఇయ్యాల బేస్తారమే అమ్మా. పండుకో."

ఆమె లేవబోయింది. నొప్పికి కేక పెట్టింది. ఆ కేక విని ఓర్చుకోవడం నా వల్ల కాలేదు. డాక్టరు రాసిచ్చిన ఇంజెక్షన్ తీశాను. వేస్తే నాలుగైదు గంటలు ఒళ్లు తెలియకుండా పడుకునేది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సూది వెయ్యకు బిడ్డా. నిద్రపోతే రెండో గంట ఇనబడదు."

వేశాను. మోతాదు రాసిచ్చినంతే, చుక్క ఎక్కువ కాదు. అమ్మ నన్నే చూస్తూ చూస్తూ మత్తులోకి జారింది.

సిరంజి ఇంకా కడగనేలేదు. వాకిట్లో ఎవరో పిలిచారు. సమ్మక్క. అడవి అంచు గూడెం మనిషి, తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని ఆకు కొనే కల్లానికి పోతోంది. ముఖం వెలిగిపోతోంది.

"నర్సమ్మా, మీ అమ్మకు నయమైందా? గంట కొట్టింది గద!"

"ఏ గంట?" అన్నాను.

"గా అడవిల దాక ఇనబడ్డది. ఆఖరుకు ఒక్కటి ఇడిగ కొట్టింది. ఇయ్యాల ఐతారమా ఏంది?"

లోపలికి పరుగెత్తి మంచం కింద చూశాను. గోనెసంచి మూతి బిగించి కట్టినట్టే ఉంది. ముడి ఊడలేదు. నేను ఆ మంచానికి మూరెడు దూరంలోనే ఉన్నాను. నా చెవులకు ఏ రోగమూ లేదు. నాకేమీ వినబడలేదు.

అప్పుడు భయం పట్టుకుంది. దయ్యమని కాదు, నేను చేసిన పనికి. ఇంకో గంటకు రెండోది, అమ్మేమో మత్తులో ఉంది. అమ్మను ఎంత పిలిచినా, కుదిపినా పలకలేదు. ఏడుస్తూనే ఒళ్లు తుడిచాను, తల దువ్వాను, తెల్లచీర చుట్టాను. పక్కన కూర్చుని లే అమ్మా, లే అని బతిమాలాను.

పన్నెండు కావస్తుండగా అమ్మ కుడిచెయ్యి కదిలింది. కళ్లు మూసే ఉన్నాయి. వేళ్లు ఇనుప చువ్వ పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. మణికట్టు పైకీ కిందికీ ఆడింది. నేను లెక్కపెట్టాను. పన్నెండు. ఆగింది. మరొక్కసారి కదిలి, చెయ్యి పక్క మీద వాలిపోయింది. అమ్మ వెళ్లిపోయింది.

చనిపోయేవాళ్ల చేతులు అదురుతాయి, ఎన్నో చూశాను. ఆ మాట ఎవరైనా చెప్తే ఒప్పుకుంటాను. కానీ సాయంత్రం సమ్మక్క శవాన్ని చూడ్డానికి వచ్చి, "రెండోది గూడ కల్లం కాడ ఇన్నం," అంది. చెయ్యి సంగతి నేను అప్పటికి ఎవరికీ చెప్పలేదు.

అమ్మకు ఆ రెండో గంట వినబడిందో, నిద్రలోనే పోయిందో నాకు తెలియదు. ఆమె ఒక్కటే అడిగింది, అదీ నేను ఇవ్వలేదు. ఆ తర్వాతి ఆదివారం నుంచి మళ్లీ చర్చికి వెళ్తున్నాను. భక్తితోనా, భయంతోనా అంటే ఇప్పటికీ చెప్పలేను.

చర్చికి ఇప్పుడు మైకు ఉంది. ఆ పట్టా ముక్క ఎవరికీ అక్కర్లేదంటే నేనే తెచ్చుకున్నాను. నా మంచం కింద ఉంది. నాకూ వయసు మీద పడింది, మోకాళ్ల నొప్పులతో కునుకు పట్టదు. డాక్టరు నిద్రమాత్రలు రాసిచ్చాడు. కొనుక్కొచ్చి సొరుగులో పెట్టాను. ఇప్పటిదాకా ఒక్కటీ వేసుకోలేదు.