అత్తయ్య గ్లాసులో కాల్షియం

పోయినేడు మామిడికాయల సీజన్‌లో సంగతిది. పొద్దున్నంతా ఒంటిపూట బడిలో అరిచి అరిచి, సాయంత్రం మళ్లీ ఆగిరిపల్లిలో మా ఇంటి వరండాలో ట్యూషన్ చెప్పేదాన్ని. ఆ రోజు పాఠం మూలకాలు, సమ్మేళనాలు.

"కాల్షియం ఒక మూలకం. మన ఎముకల్లో ఉంటుంది, గోడకి వేసే సున్నంలో ఉంటుంది, కాయలు మాగేసే కార్బైడ్‌లోనూ ఉంటుంది" అన్నాను. ఇక ఓపిక లేక, సమ్మేళనాలు రేపు చూద్దామని పిల్లల్ని పంపేసి, అక్కడే చాప మీద వాలిపోయాను.

కాసేపటికి వంటింట్లోంచి ఘాటైన వాసన వచ్చింది. వెళ్లి చూస్తే మా అత్తయ్య వెలుగుతున్న స్టవ్ పక్కన నిలబడి స్టీలు గ్లాసులో ఏదో కలుపుతున్నారు. నీళ్లు బుసబుసా పొంగుతున్నాయి. సామాన్ల గదిలో ఎప్పటిదో మిగిలిపోయిన కార్బైడ్ ముక్క అది! నీళ్లు తగిలితే దాన్లోంచి వచ్చే గ్యాస్‌కి మంట అంటుకుంటే ఇంకేమైనా ఉందా? స్టవ్ ఆపేసి, గ్లాసు లాక్కుని పెరట్లోకి విసిరేశాను.

"మోకాళ్లకి డాక్టరుగారిచ్చిన కాల్షియం బిళ్లలు అయిపోయాయమ్మా. ఇందులోనూ ఉందని ఇందాక పిల్లలకి చెప్తుంటే విన్నాగా?" అన్నారు అత్తయ్య, బిక్కమొహం వేసుకుని.

"ఉందత్తయ్యా. కానీ విడిగా లేదు, వేరేదానితో కలిసి ఉంది. కలిస్తే గుణమే మారిపోతుంది."

"అయితే నా బిళ్లలో విడిగా ఉంటుందా?"

"లేదండీ, అక్కడా కలిసే ఉంటుంది. కలిసింది వేరేదానితో."

ఆవిడ ఇంకా నా మొహంలోకే చూస్తున్నారు. వంటింటి గడప మీద కూలబడి, రేపటికి వాయిదా వేసిన పాఠం అప్పుడే మొదలుపెట్టాను.

ఇప్పుడు ఎంత నీరసంగా ఉన్నా, మూలకాలు, సమ్మేళనాలు రెండూ ఒకే రోజు చెప్పేస్తాను. వినేది పిల్లలే కాదుగా.

– సునీత, ఆగిరిపల్లి