బొట్టు పెట్టిన కార్డు

మొన్న ఉదయం టిఫినుకి ముందు సుగరు మాత్ర వేసుకుందామని అట్ట చింపుతుండగా ఫోను మోగింది. మా కోడలు పనిచేసే రుషికొండ ఆఫీసువాళ్ళు తమ ఆరోగ్య బీమాలో అత్తమామల్ని కూడా చేర్చుకుంటున్నారని, అందుకోసం కొన్ని ప్రశ్నలడగాలని ఎవరో అమ్మాయి చెప్పి, పేరూ వయసూ అయ్యాక, బీపీ, సుగరు లాంటివేమైనా ఉన్నాయా అంకుల్ అని ఎంతో మర్యాదగా అడిగింది. మాత్ర చేతిలో ఉండగానే, క్షణం కూడా తడుముకోకుండా, "ఏటీ నేవమ్మా, దుక్కలా ఉన్నాను" అనేశాను. ఎదురుగా ఇడ్లీలు వడ్డిస్తున్న కోడలు నా చేతిలో మాత్రకేసి చూసింది.

ఫోను పెట్టేశాక, ఎందుకు మావయ్యా అలా చెప్పారు అంది. ఏం చెప్పను? గల్ఫులో పనిచేసి వచ్చిన నా ఈడువాళ్ళయితే ఆ మాట అడగనే అడగరు. కోడలికి అర్థం కావాలంటే మా బావ సంగతి చెప్పాలి.

బావ అంటే మా అక్క భర్త. సముద్రం మీద బతికే కుటుంబం, ఆయన మాత్రం ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. నేను ఉక్కు కర్మాగారం కట్టేటప్పుడు ఒక కాంట్రాక్టరు కింద వెల్డరుని. కర్మాగారం లేచి నిలబడింది, మేం ఇంట్లో కూర్చున్నాం. తొంభైల నడిమిలో ఏజెంటు ఒకడు గల్ఫు అన్నాడు, ఇద్దరం సరేనన్నాం. అయితే ఆ రోజుల్లో విమానం ఎక్కాలంటే మెడికల్ అనే గండం దాటాలి. రక్తం, మూత్రం, ఎక్స్‌రే చూసి ఫిట్టో అన్‌ఫిట్టో రాసేస్తారు, ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాది బతుకూ తేలిపోతుంది. ఆ మెడికల్ జరిగే మద్రాసుకి రైలెక్కేముందు మా వీధిలో మగాళ్ళు పట్టే పథ్యం చూస్తే నవ్వొచ్చేది, ఎందుకంటే ఏ ఇంట్లో ఎవరికి ఏ రోగముందో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరికీ ఏమీ లేదు. బావకి అప్పటికే సుగరు మొదలైంది. అక్క అన్నం మానిపించి, మెంతినీళ్ళూ కాకరకాయ రసమూ పట్టించి పట్టించి, మొత్తానికి ఫిట్టు అనిపించింది. ఆ సంతోషంలో వీధంతా లడ్డూలు పంచితే, మొదటి లడ్డూ తిన్నది బావే.

అక్కడికి వెళ్ళాక కూడా ఆ మెడికల్ మమ్మల్ని వదల్లేదు. వీసా పొడిగించినప్పుడల్లా మళ్ళీ పరీక్షలే. మా గదిలోనే శ్రీకాకుళం వైపు మనిషికి ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపించిందని సామాను సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా పంపేశారు. అప్పటినుంచి జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని పనికి పోయేవాళ్ళమే తప్ప డాక్టరు గడప తొక్కలేదు. సెలవు మీద ఊరెళ్ళి వచ్చేవాళ్ళెవరైనా ఉప్పుచేపల పొట్లం మధ్యలో బావకి మాత్రలు తెచ్చిపెట్టేవారు. అవి ఉన్నన్నాళ్ళు వేసుకునేవాడు, లేనన్నాళ్ళు లేదు.

ఇలా కొన్నేళ్ళు గడిచాక, రెండువేల సంవత్సరం దాటిన తర్వాత, కంపెనీ మా అందరికీ ఆరోగ్య బీమా కార్డులిచ్చింది. నున్నగా మెరుస్తూ ఫొటోతో ఉన్న ఆ కార్డుని బావ గదికి తెచ్చి పైడితల్లి అమ్మవారి పటం ముందు పెట్టి, హార్బరులో కొత్త ఇంజను బోటులోకి దించేటప్పుడు చేసినట్టే కుంకుమ బొట్టు పెట్టాడు. గదంతా ఒకటే నవ్వు. దాని సంగతి మేముండే కూలీల క్యాంపు ఆఫీసు గుమాస్తా హిందీలో గబగబా చెప్పాడు, జబ్బు చేస్తే పెద్దాసుపత్రిలో ఇది చూపించండి, ఖర్చు బీమావాళ్ళు చూసుకుంటారని. మేం తలలూపాం. ఆసుపత్రిలో చెప్పింది కంపెనీ చెవిన పడుతుందా, రాకముందునుంచీ ఉన్న రోగానికి పనికొస్తుందా, ఈ కార్డు ఎన్నాళ్ళు బతుకుతుంది, ఒక్కరం అడిగితే ఒట్టు. అడిగితే నీకేం రోగముందని ఎదురడుగుతాడని భయం. ఛీ, ఏం పిరికి బతుకులో అవి!

ఆ ఎండాకాలం ఇనుప ముక్కుల బూటు ఒరుసుకుని బావ కాలి వేలి దగ్గర పుండు లేచింది. పసుపు పెట్టాడు, కొబ్బరినూనె రాశాడు, గుడ్డ చుట్టుకుని మళ్ళీ అదే బూటులో కాలు దూర్చాడు. పుండు నల్లబడింది, గదిలో వాసన మొదలైంది. సుగరు మనిషికి కాలి పుండంటే ఏమిటో నాకు తెలుసు. "పద బావా, కార్డుంది కదా, సూపిద్దాం" అని కాళ్ళావేళ్ళా పడ్డాను.

"ఒరే బావా, అది మందిచ్చీ కార్డు కాదురా, మనల్ని పట్టించీ కార్డు. రోగమని తెలిత్తే ఇమానమెక్కించేత్తారు. సబ్బవరంలో కడతన్న ఇంటికి స్లాబు పడనీ, అప్పుడు నానే ఎల్తాను" అన్నాడు బావ. నన్ను కూడా ఆయన బావా అనే పిలిచేవాడు.

స్లాబు కంటే ముందు ఆయనే పడ్డాడు. పనిచేస్తున్నచోటే జ్వరంతో కూలిపోతే ఆసుపత్రికి మోసుకెళ్ళాం. అక్కడ కార్డు చూపిస్తే ఎవరూ ఏమీ అనలేదండీ! చల్లని గది, తెల్లని పరుపు, పూటపూటకీ ఇంజక్షను. రెండు వేళ్ళు తీసేసి కాలు నిలబెట్టారు. ముందే వచ్చుంటే ఆ వేళ్ళు కూడా దక్కేవి, ఈ కార్డు ఉన్నది ఇందుకే కదా అని డాక్టరు హిందీలో మందలించాడు. ఆయన వెళ్ళాక బావ నావైపు తిరిగి, "ఇంత బాగా సేత్తన్నారు, మరేటికిరా ఇన్నాళ్ళు దాసేం?" అని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చేశాడు.

అయితే భయపడింది కూడా అబద్ధం కాలేదు. నిచ్చెనెక్కి యంత్రాలు బాగుచెయ్యలేని మనిషి మాకెందుకంటూ నెల తిరక్కుండా కంపెనీ వీసా రద్దు చేసింది. పుండు ఇంకా మానలేదు, వైద్యం ఇంకా చాలా ఉందని ఆసుపత్రివాళ్ళు రాసిచ్చినా లాభం లేకపోయింది. వీసాతోపాటే కార్డూ చచ్చిపోతుందట, ఆ సంగతి అప్పుడు చెప్పాడు గుమాస్తా, చెబుతూనే కత్తెర తీసుకుని కార్డుని రెండు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. బొట్టు మరక ఒక ముక్క మీద ఉండిపోయింది.

విశాఖలో దిగాక, మన దగ్గరా ఇలాంటి బీమాలున్నాయని ఎవరో చెబితే, సెలవు మీద వచ్చిన నేనూ అక్కా కలిసి బావని ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాం. దాచడం వల్లే ఇంత జరిగిందన్న బాధతో కాబోలు, ఈసారి బావ కుర్చీలో కూర్చుంటూనే తనకి సుగరుందనీ, వేళ్ళు తీసేశారనీ అడక్కుండానే చెప్పేశాడు. అక్కడి ఆయన పాపం మంచివాడే, కాఫీ కూడా ఇప్పించాడు, కానీ ఉన్న రోగానికి బీమా రాదండి అని కాగితాలు వెనక్కి జరిపాడు. చంకలో కర్రతో మెట్లు దిగుతూ బావ, "నిజం సెప్పినా ఇంతేనేట్రా బావా?" అన్నాడు.

తర్వాత ఇక్కడి సర్కారు పెద్దాసుపత్రిలో కాలు మోకాలిదాకా తీసేసి వరండాలో పడుకోబెట్టారు. మరుసటి ఏడాది, బోట్లన్నీ ఒడ్డున కట్టేసి ఉండే వేట నిషేధం రోజుల్లో బావ పోయాడు. పనిలేని రోజులు కనక హార్బరు జనమంతా వచ్చారు, మోసేవాళ్ళకి మాత్రం కొదవలేదు.

ఇదంతా విని మా కోడలు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, ఇది ఆఫీసువాళ్ళు అందరికీ కలిపి చేయించిన బీమా మావయ్యా, ఉన్న రోగాలకి కూడా వస్తుంది, దాచక్కర్లేదు అంది. దాచక్కర్లేదట! ఈ పిల్లలు కార్డుని ఫోనులోనే పెట్టుకుని తిరుగుతారు, తలనొప్పి వచ్చినా దర్జాగా వెళ్ళి చూపించుకుంటారు, మెడికల్ కోసం ఎవరూ కాకరకాయ రసం తాగరు. సంతోషమే. కానీ ఆ ఒక్క మాట ఆ రోజుల్లో మా గదిలోకి వచ్చి ఎవరైనా చెప్పారా?

కోడలే మళ్ళీ ఆ నంబరు కలిపి ఫోను నా చేతిలో పెట్టింది. నవ్వుకుంటే నవ్వుకోండి, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరో వచ్చి నన్ను విమానమెక్కించేస్తారేమో అనిపించింది. అయినా "ఇందాక తప్పు సెప్పేనమ్మా. నాకు సుగరుంది" అన్నాను.

"సరే అంకుల్, రాసుకున్నాను" అని, ఆ అమ్మాయి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది.