ఎఫెమెనా బూటు మీద కోత

లండన్‌లో ఫుట్‌బాల్ కప్పు ఫైనల్లో టొబోరె రెండు గోల్స్ కొట్టాడు. తెల్లారేసరికి నైజీరియాలో వాడి సొంతూరు సపేలెలో చుట్టాలు పుట్టగొడుగుల్లా మొలిచారు. వాడి ముఖం ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా ఒళ్ళో కూర్చోబెట్టుకుని గోరుముద్దలు తినిపించామని చెప్పుకోసాగారు.

సొంత పెద్దమ్మ ఒనజితే మాత్రం నోరు విప్పలేదు. టొబోరె పసివాడిగా ఉన్నప్పుడు ఒకే ఒక్క క్రిస్మస్‌కి వచ్చాడు. దోమలకు రాత్రంతా ఏడ్చాడు. రొట్టె, డబ్బాపాలు తప్ప ఏదీ ముట్టలేదు. నూనెతాటి పళ్ళతో కాచే బంగా పులుసు గిన్నె దగ్గరికి తేగానే ముక్కు మూసుకున్నాడు. ఆ పులుసు వండింది తనే కాబట్టి ఆ సంగతి ఆమె మరిచిపోలేదు.

ఇప్పుడు లాగోస్ నుంచి టీవీ వాళ్ళు వస్తున్నారు. మన రక్తం పంచుకు పుట్టిన పిల్లలు ఏ దేశంలో ఆడినా ఎందుకు గెలుస్తున్నారో ఆ కిటుకు కనుక్కోవాలట. వీధిలో ఎవరిని కదిలించినా కిటుకు వాళ్ళ దగ్గరే ఉంది. పులుసు అమ్మే ఎజిరో వాళ్ళమ్మ అంతా తన పులుసు బలమేనంది. పాస్టరు తన ఉపవాస ప్రార్థనల ఫలమన్నాడు. టొబోరె పుట్టేనాటికి ఆయన సిమెంటు బస్తాలు అమ్ముకుంటున్నాడు. రేవులో పడవల వాళ్ళు ఇక్కడి నది నీళ్ళ మహిమ అన్నారు. అదే నిజమైతే ఆ నీళ్ళు తాగే ఊరంతా పరుగుపందేలు గెలవాలి. ఊరు పరుగెత్తేది మాత్రం మరుగుదొడ్డికే.

అందరికంటే పెద్ద కిటుకు ఛీఫ్ ఉముకోరో దగ్గర ఉంది. ఆయన ఒనజితేకి బావగారు. భర్త పోయాక ఆ ఇంటికి ఆయనే పెద్దదిక్కు. స్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఛీఫ్ బిరుదు ఆ తర్వాత ఎలా వచ్చిందో ఇచ్చినవాళ్ళు కూడా చెప్పరు. టీవీ వాళ్ళు వచ్చే ముందురోజు ఆయన ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

“మిగ్వో,” అంటూ ఒనజితే మోకాలు వంచింది.

“వ్రెండో, లేమ్మా లే. నీతో చిన్న పనిపడింది. రేపు కెమెరా ముందు ఏదో ఒక వస్తువు చూపించాలి. మన వంశంలోనే ఆట ఉందనడానికి రుజువుగా. నీ పెట్టెలో పాత ఫుట్‌బాల్ బూట్లు ఉన్నాయిగా, అవి పట్రా. టొబోరె వాళ్ళ నాన్నవని చెబుదాం.”

“అవి ఎఫెమెనావి బావగారూ.”

“ఎవరివైతేనేం? రక్తం ఒకటే కదా. శుభమా అని నలుగురూ చేరే చోట పోయినవాడి మాటెందుకు?”

ఒనజితే చీపురు గోడకు ఆనించింది. “తెస్తాను. కానీ వాడి పేరు చెప్పాలి. ఒక్కసారి చెబితే చాలు.”

“చూద్దాంలే,” అన్నాడాయన. ఆయన చూద్దాంలే అన్న పని ఆ ఇంట్లో ఏనాడూ జరిగింది లేదు.

ఎఫెమెనా ఆమె ఒక్కగానొక్క కొడుకు. “క్లాసులో ఫస్టొచ్చేవాడికి రెండు తలలున్నాయట్రా?” అని పెదనాన్న గద్దించినప్పుడల్లా తల వంచుకునేవాడు. ఆయన మలుపు తిరగ్గానే బంతి తీసేవాడు. డాక్టరు కావలసినవాడు బంతి వెంట తిరుగుతున్నాడని మండిపడి, ఒక సాయంత్రం ఛీఫ్ వాడి కుడికాలి బూటును కట్టెలు కొట్టే మొద్దు మీద పెట్టి కత్తితో వేటు వేశాడు. ఒనజితే దాన్ని చేపల వల దారంతో కుట్టింది. ఆ బూటుతోనే ఎఫెమెనా స్కూళ్ళ పోటీలో గోల్ కొట్టాడు. ఆ వానాకాలమే జ్వరం తగిలింది. డాక్టరు కావలసినవాడికి సమయానికి ఒక్క డాక్టరూ దొరకలేదు.

లండన్‌లో టొబోరె తండ్రి కూడా కొడుకుని ఆ రెండు తలల ప్రశ్నే అడిగేవాడట. కాకపోతే అక్కడ పచ్చటి మైదానం ఉంది. ఒక కోచ్ ఇంటికొచ్చి తండ్రిని బతిమాలాడు. తల్లి రాత్రంతా ఆఫీసులు తుడిచి, కంటి మీద కునుకు లేకుండా పిల్లవాణ్ని బస్సెక్కించి ఆటకు తీసుకెళ్ళేది. ఇవన్నీ ఆ తల్లే తన తోడికోడలు ఒనజితేకి ఫోన్లో చెప్పినవి. ఇక్కడ స్కూలు మైదానంలో ఛీఫ్ గారి పెళ్ళిళ్ళ హాలు లేచింది. అయినా, కిటుకు బస్సులో ఉందంటే టీవీలో ఎవరు చూస్తారు?

మర్నాడు టీవీ అమ్మాయి సిమిసోలా మైకు పట్టుకుంది. ఛీఫ్ మెడనిండా పగడాలు వేసుకుని, చెక్కిన కర్రతో కూర్చున్నాడు.

“అంతా మా పెంపకంలో ఉందమ్మా. మా ఇంట్లో పిల్లవాడు ఆడతానంటే ఏనాడూ అడ్డు చెప్పలేదు.”

ఒనజితే గుడ్డ మూట విప్పింది. సిమిసోలా కుడికాలి బూటును అటూ ఇటూ తిప్పి చూసింది.

“సార్, మధ్యలో ఈ కోతేంటి? ఎవరో నరికినట్టుంది!”

ఛీఫ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది.

“అదా... గాలి ఆడటానికి. మా పూర్వీకుల పద్ధతి. కోస్తే బూటు తేలికవుతుంది, కాలికి వేగమొస్తుంది.”

“పరిశుద్ధమైన గాలి,” అని పాస్టరు అందుకున్నాడు.

“కోసింది మీరే కదా బావగారూ,” అంది ఒనజితే. ఆమె గొంతు పెంచలేదు. “బంతి మానేసి చదువుకోమని కోశారు. ఇది నా కొడుకు బూటమ్మా. వాడి పేరు ఎఫెమెనా.”

“ఇంక ఆపండమ్మా, నా పులుసు చల్లారిపోతోంది!” అని ఎజిరో వాళ్ళమ్మ అరిచి ఛీఫ్‌ని గట్టెక్కించింది.

టీవీలో ఆ కార్యక్రమం వచ్చింది. ఒనజితే మాట తీసేశారు. పూర్వీకుల గాలి మాత్రం అలాగే ఉంచారు.

వారం తిరక్కుండా సపేలెలో బూటు కోయని కుర్రాడు లేడు. అందరికంటే ముందు ఎజిరో వాళ్ళమ్మ, కొడుకు కోసిన జత పట్టుకుని ఒనజితే గుమ్మం ఎక్కింది.

“మీ ఇంటి పద్ధతి తగలెయ్య! కొత్త బూట్లు చూడు, చేపను చీల్చినట్టు చీల్చాడు!”

ఒనజితే వల దారం తీసింది. “ఇలా తే, కుడతాను. నాకేమీ ఇవ్వక్కర్లేదు. మొదట కోసిన బూటు ఎవరిదో చెప్పు, చాలు.”

“ఇంకెవరిది? టొబోరె వాళ్ళ నాన్నది.”

ఒనజితే బూటు కింద పెట్టేసింది.

ఎజిరో వాళ్ళమ్మ మూతి ముడిచింది, నిట్టూర్చింది. చివరికి, “ఎఫెమెనాది,” అంది. ఒనజితే కుట్టి ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన తల్లులకు గుమ్మంలోనే ఆ పేరు నోటికొచ్చేసింది. కొందరు మెట్లెక్కుతూనే చెప్పేవారు.

అందరూ అయిపోయాక ఛీఫ్ వచ్చాడు. చంకలో ఒక పొట్లం ఉంది. మనవడికి ఇంగ్లండు నుంచి తెప్పించిన బూట్లు. రెండింటికీ కోతే.

“వెధవ, నేను టీవీలో చెప్పిందే చేశానంటాడు. కాస్త కుట్టి పెట్టమ్మా.”

“కుడతాను బావగారూ. పేరు చెప్పండి.”

ఆయన వీధికి అటూ ఇటూ చూశాడు. మీసాల్లో ఏదో గొణిగాడు.

“వినపడలేదండీ,” అంది ఒనజితే, సూది వెలుతురుకు పట్టి చూస్తూ. “గాలి బాగా ఆడుతోందిగా. కాస్త గట్టిగా చెప్పండి.”

ఛీఫ్ గొంతు సవరించుకున్నాడు. “ఎఫెమెనా,” అన్నాడు.

ఎదురింట్లో ఎజిరో వాళ్ళమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చి నిలబడింది. ఒనజితే సూదిలోకి దారం ఎక్కించింది.